పగడానికి సుస్తీ చేస్తే

చెన్నపట్నం నుంచి మన పత్రిక చందాదారు, ఒక సోదరీమణి, మాకు నాలుగు పుటల ఉత్తరం వ్రాశారు. ఈ శీర్షికకు మామూలుగా వచ్చే ప్రశ్నలు కరివేపాకు మొక్క ఎదగటం లేదనో, ఊరగాయ జాడీలో బూజు తేలిందనో, వానాకాలం గోడలు చెమ్మగిల్లుతున్నవనో ఉంటాయి. ఈ ఉత్తరం ఆ కోవలోది కాదు. వారి అబ్బాయి ఉద్యోగానికి పుణే వెళుతూ, హాల్లో తాను ముచ్చటపడి పెట్టుకున్న ఉప్పునీటి చేపల తొట్టిని తల్లికి అప్పజెప్పి వెళ్లాడట. అందులో రెండు క్లౌన్ చేపలు, కొన్ని సముద్రపు రాళ్లు, ఒక రాతి మీద పుట్టగొడుగు ఆకారంలో పెరిగిన ఒక పగడం. ఆరు రోజుల నుంచి ఆ పగడం ముడుచుకొని, రంగు మాసి, పైన మైనం పూసినట్టు పొర కట్టుకొని కూర్చున్నది. దుకాణానికి వెళ్లి చెప్పుకుంటే ఒక మందు సీసా చేతిలో పెట్టి రోజూ పది చుక్కలు పొయ్యమన్నారు. పొయ్యవచ్చునా, మానవలెనా అని వారి ప్రశ్న. అబ్బాయి చేతిలో మూడేళ్లు బ్రతికినది తన చేతిలో పోయిందన్న మాట రాకూడదని వారి బెంగ.

పొయ్యకండి. ఆ మాట వారికి వెంటనే తెలియజేశాము. ఐతే బెంగుళూరులోను, చెన్నపట్నంలోను, పుణేలోను ఇటువంటి తొట్లు మన వాళ్ల ఇళ్లలో చాలానే వెలిశాయి గనుక సంగతంతా ఇక్కడ కాస్త వివరంగా వ్రాస్తున్నాము.

ముందు ఆ సీసా సంగతి. చేపల ఒంటి మీద తెల్లమచ్చలు పొడిచే జబ్బుకు అమ్మే మందుల్లో అనేకం రాగితో చేసినవి. రైతులు తోటలకు చల్లే మైలుతుత్తం ఉన్నదే, ఆ జాతిది. చేప దానిని కొంతవరకు ఓర్చుకుంటుంది. పగడం, రొయ్య, నత్త ఓర్చుకోలేవు, చచ్చిపోతాయి. పైగా పోసిన రాగి రాళ్లలోకీ అడుగు ఇసుకలోకీ ఇంకి, తరువాత ఎన్నో వారాల దాకా కొద్దికొద్దిగా ఊరుతూ ఉంటుంది. కాబట్టి సీసా మీద కాపర్ అన్న మాట కనబడితే దానిని పగడం ఉన్న తొట్టి దరిదాపులకు రానివ్వవద్దు. చేపకు వైద్యం చెయ్యవలసి వస్తే చేపను వేరే బక్కెట్టులోకి మార్చి చెయ్యాలి. సీసా మీద ఏమీ వ్రాసి ఉండకపోతే? ఏమున్నదో తెలియని మందును ఇంట్లో పసిబిడ్డకు పడతామా!

పగడం అనగానే మన ఆడవాళ్లకు గుర్తుకు వచ్చేది నల్లపూసల మధ్య గుచ్చుకునే ఎర్రపూస. అది మధ్యధరా సముద్రంలో పెరిగే ఒక జీవి తాలూకు గట్టి ఎముక. ఆ ఎర్రపగడం చెట్టా, రాయా, జంతువా అని యూరపు పండితులు ఎంతకాలమో తర్జనభర్జన పడ్డారు. 18వ శతాబ్దపు మొదటి భాగంలో మార్సే నగరానికి చెందిన పెయ్సొనెల్ అనే వైద్యుడు, పగడపు కొమ్మ మీద పూలలా విచ్చుకునేవి పూలు కావు, ప్రాణమున్న జంతువులని చెప్పాడు. పారిస్ పండితులు మొదట ఒప్పుకోలేదు. ఆయన చెప్పినదే నిజమని తరువాత తేలింది. మన తొట్లలో ఉండేవి ఆ ఎర్రపగడాలు కావు గాని, జాతి అదే. ఒక్కొక్క పువ్వూ ఒక నోరు, దాని చుట్టూ చిన్న చిన్న చేతులు ఉన్న ప్రాణి. వేల ప్రాణులు ఒకే ఒంటితో కలిసి కాపురం చేస్తున్న ఉమ్మడి కుటుంబం అనుకోండి.

ఆ కుటుంబంలో అద్దెకున్నవారు కూడా ఉన్నారు. తొట్లలో పెంచే పగడాలలో చాలావాటి కండలో కంటికి కనబడని నాచు కణాలు కోట్ల కొద్దీ ఉంటాయి. అవి వెలుతురు తిని చక్కెర వండుతాయి, అందులో పెద్దభాగం పగడానికి పెడతాయి. పగడం వాటికి నీడనూ తన ఒంటి విసర్జనలనూ ఎరువుగా ఇస్తుంది. పగడానికి ఉండే గోధుమరంగు ముఖ్యంగా ఈ నాచుదే. ఈ అద్దెవాళ్లు ఖాళీ చేస్తే ఇల్లుగలవాడు పస్తు. ఈ సంగతి జ్ఞాపకం పెట్టుకుంటే పగడపు జబ్బుల్లో సగం అర్థమవుతాయి.

అర్థం కానిదల్లా అది చెప్పుకునే తీరు. నెలల పిల్లకు ఆకలైనా ఏడుపే, కడుపునొప్పైనా ఏడుపే, చీమ కుట్టినా ఏడుపే. పగడమూ అంతే. నీరు వేడెక్కినా, ఉప్పు హెచ్చినా, పక్కవాడు గిల్లినా, దీపం మరీ దగ్గరైనా అది చేసే పని ఒక్కటే, ముడుచుకోవటం. ముడుచుకున్నదని చూసి మందు పొయ్యటం, బిడ్డ ఏడ్చిందని చూడకుండానే ఆముదం పట్టించటం వంటిది. తల్లి ముందు పక్క దులిపి చూస్తుంది గదా!

ఇంతకీ మన సోదరీమణి ఇంటిలో ఉన్న పగడం పేరు సార్కోఫైటన్. దుకాణాలలో లెదర్ కోరల్ అంటారు, తోలు పగడం అనవచ్చు. ముట్టుకుంటే తడిసిన చెప్పుతోలులా ఉంటుంది గనుక ఆ పేరు వచ్చింది. దానికి రాతి ఎముక లేదు, కండలో సూదుల వంటి సున్నపు పలుకులు మాత్రం ఉంటాయి. ఈ జాతికి ఒక అలవాటు ఉన్నది. అప్పుడప్పుడు అది పూలన్నీ లోపలికి లాక్కొని, ఒంటి మీద మెరిసే మైనపు పొర ఒకటి కట్టుకొని, కొన్నాళ్లు మూగనోము పడుతుంది. ఒంటికి పట్టిన నాచునూ మురికినీ వదిలించుకోవటానికి పాము కుబుసం విడిచినట్టుగా ఆ పొరను విడుస్తుంది. ఇది మూడు నాలుగు రోజుల్లో ముగియవచ్చు, రెండు వారాలు సాగవచ్చు. పొర చిరిగి పోగులు పోగులుగా నీటిలో కొట్టుకుపోయిన తరువాత మునుపటి కంటె నిండుగా విచ్చుకుంటుంది. తోలు పగడం తెచ్చుకున్న ప్రతివారూ మొదటిసారి ఈ తంతు చూసి అది చచ్చిందనే అనుకుంటారు. బ్రతికి ఉన్నదానిని తీసి చెత్తకుండీలో వేసినవారు కూడా ఉన్నారు!

కుబుసమా, జబ్బా అని తేల్చుకోవటం ఎట్లా? కన్ను, ముక్కు, వేలు, ఈ మూడూ చాలును. కుబుసం విడిచే పగడం ముడుచుకున్నా నిటారుగా నిలబడి ఉంటుంది. రంగు మాసినా ఒళ్లంతా ఒకే తీరుగా మాస్తుంది. చేతికి రబ్బరు తొడుగు వేసుకొని మెల్లగా తాకితే గట్టిగా తగులుతుంది. వాసన ఉండదు. జబ్బు పడిన పగడం ఒక పక్కకు వాలుతుంది, మెత్తబడుతుంది. ఒకచోట నల్లగానో ముదురు గోధుమరంగుగానో మచ్చ కనబడి మర్నాటికి పెద్దదవుతుంది, గుంట పడుతుంది. దగ్గరి నీటిని గిన్నెలోకి తీసుకొని వాసన చూస్తే కుళ్లిన కోడిగుడ్డు కంపు కొడుతుంది. ఉత్తరంలో వ్రాసిన గుర్తులను బట్టి, అంటే మైనపు పొర, ఒకే తీరుగా మాసిన రంగు, వాలకుండా నిలిచి ఉండటం, వీటిని బట్టి అది కుబుసమేనని మాకు తోస్తున్నది. మెత్తబడలేదని, కంపు లేదని వారు వేలితోనూ ముక్కుతోనూ రూఢి చేసుకోవాలి.

కుబుసమే ఐతే చెయ్యవలసినది చాలా స్వల్పం. తొట్టిలో నీరు తిప్పే చిన్న మోటారు ఉంటుంది, దాని గాలు పగడం మీదుగా మెల్లగా పోయేటట్టు మళ్లించాలి. నేరుగా ముఖాన కొట్టరాదు. పొర ఊడటానికి ఆ కదలిక సాయపడుతుంది. వేలితో గోకి పొర తియ్యబోవద్దు. పగడాన్ని పైకీ కిందికీ మార్చవద్దు. క్లౌన్ చేపలను మాత్రం ఒక కంట కనిపెట్టండి. సముద్రంలో అవి ఎనిమోన్ అనే సముద్రపు పూల మధ్య కాపురముంటాయి. తొట్టిలో ఎనిమోన్ లేకపోతే తోలు పగడాన్నే ఇల్లు చేసుకొని రోజంతా దానిలో పడి దొర్లుతాయి. ఆ దొర్లుడుకు పగడం విసిగి రోజుల తరబడి విచ్చుకోకపోవటం కద్దు. అట్లా ఐతే అది జబ్బూ కాదు, కుబుసమూ కాదు, చుట్టాల బెడద. చాలా సందర్భాలలో పగడం దానికి అలవాటు పడుతుంది. పడకపోతే రెండిటిలో ఒకరిని వేరు పెట్టాలి.

రెండు వారాలు దాటినా విచ్చుకోకపోతే, లేదా తొట్టిలోని ఇతర ప్రాణులు కూడా కలిసి ముడుచుకుంటే, అప్పుడు నాడి చూడవలసినది నీటికి. ఇక్కడ మా అభిప్రాయం గట్టిగా చెప్తాము. తొట్టిలో పగడానికి జబ్బు అంటే పదింట ఎనిమిదిసార్లు నీటికి జబ్బు. ఆ ఎనిమిదిలోనూ మన ఊళ్లలో మొట్టమొదట అనుమానించవలసినది ఉప్పు.

ఎందుకంటే ఎండలు. చెన్నపట్నం వేసవిలో తొట్టి నీరు వేడెక్కకుండా పైన చిన్న విసనకర్రలు పెడుతున్నారు. మంచిదే, గాలికి నీరు ఆవిరై చల్లబడుతుంది. మట్టి కుండలో నీరు చల్లబడే ఉపాయమే ఇది. రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది కూడా. కాని ఆవిరయ్యేది నీరే గాని ఉప్పు కాదు. 200 లీటర్ల తొట్టిని లెక్కకు తీసుకుందాము. సముద్రపు నీటిలో లీటరుకు 35 గ్రాముల ఉప్పు, అంటే తొట్టిలో మొత్తం 7 కిలోలు. రోజుకు 4 లీటర్లు ఆవిరైపోతున్నవి. అయిదు రోజులు ఎవరూ చూడలేదు. ఇప్పుడు 180 లీటర్ల నీటిలో అదే 7 కిలోల ఉప్పు, లీటరుకు దాదాపు 39 గ్రాములు. పగడం ముడుచుకోక ఏం చేస్తుంది?

ఇంతకంటె పెద్ద ప్రమాదం మంచి ఉద్దేశంతో జరిగేది. తొట్టిలో ఉండేది ఉప్పునీరు గనుక తగ్గిన దానిని ఉప్పునీటితోనే నింపాలని చాలామంది అనుకుంటారు. ఆ 4 లీటర్ల చొప్పున నెల రోజులు ఉప్పునీరే పోస్తే అదనంగా 4 కిలోల 200 గ్రాముల ఉప్పు చేరుతుంది. లీటరుకు 56 గ్రాములు! అంతదాకా రాకముందే తొట్టిలోని ప్రాణులన్నీ తేలిపోతాయి. ఆవిరైన దానికి మంచినీరు, తీసివేసిన మురికినీటికి ఉప్పునీరు. ఈ ఒక్క వాక్యాన్ని కాగితం మీద వ్రాసి తొట్టి గాజుకు అంటించమని మా సలహా. అద్దం మీద ఇప్పటి మట్టానికి ఒక గీత గీసి, రోజూ ప్రొద్దున్నే ఆ గీత దాకా మంచినీరు పోస్తే చాలును. వారానికొకసారి ఒక్కమారుగా పొయ్యటం కంటె రోజూ కొంచెం పొయ్యటం మేలు.

ఉప్పు హెచ్చిందని తేలితే ఒక్కరోజులో దించే ప్రయత్నం చెయ్యవద్దు. పగడం ఉప్పుకు ఎంత భయపడుతుందో హఠాత్తుగా జరిగే మార్పుకు అంతకంటె భయపడుతుంది. మన 200 లీటర్ల తొట్టిలో రోజుకు 5 లీటర్ల నీరు తీసి 5 లీటర్ల మంచినీరు పోస్తే లీటరుకు సుమారు ఒక గ్రాము తగ్గుతుంది. 39 నుంచి 35కు రావటానికి నాలుగు రోజులు పట్టనివ్వండి. ఉప్పు కొలవటానికి ప్లాస్టిక్ పెట్టెలో ముల్లు ఊగే పరికరం చవకగా దొరుకుతుంది గాని, ముల్లుకు గాలిబుడగ అంటుకుంటే అబద్ధం చెప్తుంది. కంటికి ఆనించుకొని చూసే రిఫ్రాక్టోమీటరు నయం. దానిని కూడా అప్పుడప్పుడు 35 గ్రాముల ప్రమాణ ద్రావకంతో సరిచూసుకోవాలి.

మంచినీరు అన్నాము గాని ఏ మంచినీరు? కుళాయి నీటిలో క్లోరిన్ ఉంటుంది, లారీ నీరు ఏ బోరుదో తెలియదు. వంటింటి ఆర్.ఓ. యంత్రం నీరు చాలుననుకుంటారు. ఆ యంత్రాలలో చాలావాటిలో తాగటానికి రుచిగా ఉండేందుకని శుద్ధి కాని నీరు కొంత తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది. మనకు మంచిదే, తొట్టికి కాదు. టి.డి.ఎస్. పెన్ను అని ఒకటి కొద్ది ధరకు దొరుకుతుంది, దానిని ముంచితే అంకె చూపుతుంది. ఆ అంకె సున్నకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది. మరికొందరు మెరీనా తీరానికో ఎలియట్స్ బీచికో పోయి బిందెలతో సముద్రపు నీరే తెచ్చుకుందామంటారు. ఊరి మురుగు కలిసే తీరం నుంచి తెచ్చిన నీరు సముద్రపు నీరు అనిపించుకోదు, వానలు పడ్డ రోజుల్లో అందులో ఉప్పు కూడా తక్కువ. దుకాణంలో అమ్మే పగడపు ఉప్పును శుద్ధినీటిలో కలుపుకోవటమే నిశ్చింత. వంటింటి ఉప్పు మాత్రం పనికిరాదు.

ఉప్పు తరువాత వేడి. తొట్టి నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి రోజుల తరబడి ఉంటే పైన చెప్పిన అద్దెవాళ్లు ఖాళీ చేస్తారు, అంటే పగడం తన కండలోని నాచును వెలికి నెట్టివేస్తుంది. రంగంతా పోయి తెల్లబడుతుంది. ఇది తొట్టిలోని వింత కాదు. 1928-29లో ఆస్ట్రేలియా గ్రేట్ బారియర్ రీఫులో ఏడాదిపాటు మకాం వేసిన సి. ఎం. యంగ్ బృందం వేడి నీటిలో పగడాలు ఇట్లా చెయ్యటం గమనించింది. మనకు దగ్గరలోనే, రామేశ్వరం నుంచి తూత్తుకుడి దాకా 21 దీవుల చుట్టూ ఉన్న మన్నారు సింధుశాఖ పగడపు దిబ్బలు 1998లోను, 2010లోను, 2016లోను వేసవి వేడికి తెల్లబడిపోయాయి. కొన్ని కోలుకున్నాయి, కొన్ని చచ్చాయి. ప్రపంచమంతటా సముద్రాలలో పగడాలు మళ్లీ పెద్దఎత్తున తెల్లబడుతున్నవని 2024లో శాస్త్రజ్ఞులు ప్రకటించారు. సముద్రానికి విసనకర్ర పెట్టగలవాడు లేడు. తొట్టికి పెట్టగలము.

తెల్లబడినంత మాత్రాన పగడం చచ్చిపోయినట్టు కాదు, ఇది ముఖ్యంగా గమనించాలి. కండ ఇంకా ఉండి, పల్చని తెరలా కనబడుతూ ఉంటే అది పస్తు పడుకున్న రోగి. దానికి వెలుతురు తగ్గించాలి. అన్నం వండేది వెలుతురే గదా అని దీపం హెచ్చించేవారు ఉన్నారు, అది పుండు మీద కారం. దీపాన్ని పైకి జరిపి, వెలిగే గంటలు తగ్గించి, వేడి దించి, వారానికి రెండుసార్లు పగడాల కోసం అమ్మే సన్నని మేత కొద్దిగా అందించాలి. నాచు తిరిగి కుదురుకోవటానికి వారాలు పడుతుంది, నెలలు కూడా పట్టవచ్చు. నీటిలో మంచుగడ్డల సీసాలు వెయ్యటం మాకు నచ్చదు. మధ్యాహ్నం 31, సాయంత్రం 25 అయితే రోగికి చలిజ్వరం తెచ్చినట్టే.

మిగిలిన పరీక్షలు రంగుచుక్కల పెట్టెతో ఇంట్లోనే చేసుకోవచ్చును. అమ్మోనియా, నైట్రైట్ సున్న ఉండాలి, ఏ మాత్రం కనబడినా ఆ రోజే నీరు మార్చాలి. నైట్రేట్ 10 దాకా ఉన్నా తోలు పగడానికి ఇబ్బంది లేదు. ఆల్కలినిటీ 8కీ 10కీ నడుమ నిలకడగా ఉండాలి. నిలకడ అన్న మాట గమనించండి, ఇవాళ 7, రేపు 11 చేసే పొడులను నమ్మి పోసుకున్న తొట్లే ఎక్కువగా చెడతాయి. నైట్రేట్ మరీ హెచ్చుగా ఉంటే కారణం సాధారణంగా చేపలకు పెట్టే మేత. పెద్దవాళ్లున్న ఇంట్లో ఇది తప్పదు. చేప అద్దం దగ్గరకు వచ్చి నోరు తెరిస్తే ఆకలిగా ఉన్నదేమోనని మళ్లీ చిటికెడు వేస్తారు. చేప ఎప్పుడూ నోరు తెరుస్తూనే ఉంటుందమ్మా, ఊపిరికి! రెండు పూటలా, రెండు నిమిషాలలో తినివేసేంత చాలును.

నీరంతా సరిగా ఉన్నదని తేలిన తరువాత ఇరుగుపొరుగును చూడాలి. తోలు పగడం చూడటానికి సాధువు గాని, పక్కన ఎవరైనా చోటుకు వస్తే నీటిలోకి విషం వదులుతుంది. ఇతర జాతులూ అంతే. ఎంత పెద్ద సముద్రంలోనో కొట్టుకుపోవలసిన విషం 200 లీటర్లలో తిరుగుతూ అందరికీ తగులుతుంది. దీనికి విరుగుడు యాక్టివేటెడ్ కార్బన్, అంటే ప్రత్యేకంగా తయారు చేసిన బొగ్గు. చిన్న సంచిలో వేసి నీరు పారే చోట ఉంచి, మూడు నాలుగు వారాలకొకసారి మార్చాలి. నిజం చెప్పాలంటే, ముడుచుకున్న పగడానికి ఎవరైనా ఏదైనా ఒకటి వేసి తీరవలెనంటే మేము వెయ్యమనేది ఈ బొగ్గునే. రాత్రి దీపాలార్పిన గంట తరువాత ఒకసారి టార్చి వేసి చూడటం కూడా మంచిది. పగటిపూట దాగి రాత్రి పగడాన్ని కొరికే చిన్న జలగల వంటి పురుగులు అప్పుడు దొరుకుతాయి.

ఇక నిజంగా కుళ్లు పట్టిన సందర్భం. దీనికి ఎదురుచూడటం వైద్యం కాదు, కత్తి వైద్యం. కుళ్లు కండలో గంటల లెక్కన ప్రాకవచ్చు. పగడాన్ని రాతితో సహా బయటికి తీసి, తొట్టి నీరు నింపిన బేసినులో పెట్టి, కొత్త బ్లేడుతో నల్లమచ్చను, దాని చుట్టూ అర అంగుళం మంచి కండతో సహా కోసివెయ్యాలి. జాలిపడి మచ్చ అంచు దాకానే కోస్తే మర్నాడు మళ్లీ కొయ్యవలసి వస్తుంది. పగడాలకు పనికివచ్చే అయోడిన్ ద్రావకం అమ్ముతారు, సీసా మీద వ్రాసిన మోతాదున వేరే గిన్నె నీటిలో కలిపి కొద్ది నిమిషాలు ముంచి తీసి, మళ్లీ తొట్టిలో నీరు బాగా కదిలే చోట పెట్టాలి. ముంచిన నీటిని పారబోయండి, తొట్టిలో కలపవద్దు.

కాండం మొదలే కుళ్లిపోతే? అప్పుడు కూడా ఆశ వదులుకోనక్కరలేదు. పైనున్న గొడుగును బాగున్న చోట అడ్డంగా కోసి, ఒక చిన్న రాతి మీద కూర్చోబెట్టి, దోమతెర గుడ్డ కప్పి రబ్బరుబ్యాండుతో వదులుగా బిగిస్తే కొన్ని వారాలలో అది రాతిని పట్టుకుంటుంది. అరటికి పిలక ఎట్లాగో దీనికి ముక్క అట్లాగ. ఆరోగ్యంగా ఉన్న పగడం నుంచి ముక్క తీసి ముందుగానే స్నేహితుల తొట్టిలో నాటి ఉంచటం ఈ సరదా ఉన్నవాళ్ల అలవాటు. ఇక్కడ పోయినా అక్కడ వంశం నిలుస్తుంది.

పిల్లలున్న ఇళ్లవారికి ఒక హెచ్చరిక. రంగురంగుల బొత్తాలలా రాతినిండా అల్లుకునే ఒక జాతి ఉన్నది, జొవాంథిడ్లు అంటారు. అందంగా ఉంటాయి, చవక కూడా. వాటిలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే అతి తీవ్రమైన విషం ఉన్నది. చేతి తొడుగు, కళ్లద్దాలు లేకుండా వాటిని కొయ్యరాదు, గోకరాదు. చచ్చిన రాతిని శుభ్రం చేద్దామని వేడినీళ్లు పోసినా, పొయ్యి మీద మరిగించినా ఆ ఆవిరి పీల్చి ఇంటిల్లిపాదీ ఆసుపత్రి పాలైన సంఘటనలు ఇతర దేశాలలో జరిగాయి. వంటింటి గిన్నెలు, కత్తిపీట తొట్టి పనికి వాడకండి. తొట్టిలో చెయ్యి పెట్టిన తరువాత సబ్బుతో కడుక్కోవాలి.

చట్టం మాట కూడా చెప్పకపోతే బాగుండదు. ఈ సీసా ఇచ్చిన దుకాణంలోనే రాతి పగడం కూడా తెచ్చి ఇస్తామన్నారని ఉత్తరంలో ఉన్నది. రాతి ఎముక కట్టే పగడాలన్నిటినీ, వాటితోపాటు నల్లపగడాన్ని, సముద్రపు విసనకర్రలను, మరికొన్నిటిని 2001లో మన దేశపు వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో చేర్చారు. పులి ఉన్న పట్టిక అది. వాటిని పట్టటం, అమ్మటం, కొనటం నేరం, కారాగార శిక్ష ఉన్నది. 2001 నాటి ఆ జాబితాలో తోలు పగడం పేరు లేదు. ఐనా ఏది కొన్నా ఎక్కడి నుంచి వచ్చినదో చీటీ అడగండి. తీరాన ఏరుకొచ్చిన ఎండు పగడపు ముక్కను అలంకారానికి తొట్టిలో పెట్టుకోవటం కూడా మానుకోవాలి. మన్నారు సింధుశాఖలో సున్నపు బట్టీల కోసం పగడాలను పడవల కొద్దీ త్రవ్వుకుపోయిన కాలం ఒకటి ఉండేది. అక్కడ 1986లో జాతీయ సముద్ర వనం ఏర్పడిన తరువాత కూడా ఆ త్రవ్వకం ఆగటానికి చాలా ఏళ్లు పట్టింది.

ఇంత జాగ్రత్త అక్కరలేని రోజుల్లో ఎవరూ ఇళ్లలో పగడాలు పెంచలేదా అంటే పెంచారు. జకార్తా నగరంలో లీ చిన్ ఎంగ్ అనే ఆయన 1961లోనే తన పద్ధతిని ప్రకటించాడు. పెద్ద యంత్రాలేమీ లేవు. సముద్రం నుంచి తెచ్చిన ప్రాణమున్న రాళ్లు, మెల్లని గాలిబుడగలు, ఎండ వెలుతురు, అంతే. ఆ రాళ్లలోని సూక్ష్మజీవులే నీటిని శుభ్రం చేసేవి. ఇప్పటి తొట్లలోనూ అసలు పని చేసేది ఆ సూక్ష్మజీవులే, మనం పోసే సీసాలు కావు. ఐతే ఆయన గుమ్మం ముందే సముద్రం ఉన్నది. మన ఇళ్లలో ఉన్నది లారీ నీరు, కరెంటు కోత.

కరెంటు కోత మాట వచ్చింది గనుక అది కూడా చెప్పి ముగిస్తాము. మోటారు ఆగితే నీటిలో ప్రాణవాయువు తగ్గుతుంది, వేడినీటిలో ఇంకా త్వరగా తగ్గుతుంది. బ్యాటరీతో నడిచే గాలిపంపు ఒకటి కొని ఉంచుకోండి. అది లేనప్పుడు అరగంటకొకసారి చెంబుతో తొట్టి నీరు తీసి జానెడు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోస్తూ ఉండాలి. ఆ సమయంలో చేపలకు మేత వెయ్యకండి. కరెంటు వచ్చిన తరువాత మోటారు నిజంగా తిరుగుతున్నదో లేదో చేత్తో నీటి ఒరవడి చూసి మరీ పడుకోండి.